అత్తయ్య వంతు రొట్టె

ఒక మనిషి నిజమైన క్రైస్తవుడో కాదో తేల్చడానికి మా సంఘంలో మూడు ప్రశ్నలు, ఒక ఇత్తడి బిళ్ళ ఉన్నాయి. పెళ్ళయిన కొత్తలో ఈ సంగతి విని నేను పకపకా నవ్వితే, వీధిలోకి వినబడుతుందని మా ఆయన గబగబా కిటికీలు మూశాడు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు రావడం లేదు.

పద్ధతి ఇదీ. నెలలో మొదటి ఆదివారం ప్రభు బల్ల, అంటే క్రీస్తు పేరిట అందరూ రొట్టె పంచుకుని తినే ఆరాధన. ముందురోజు సాయంత్రం గుడి పక్కగదిలో చిన్న మేజా వెనక ఇన్‌స్పెక్టరు గారు కూర్చుంటారు. ఆయన మా సంఘ పెద్ద. బడుల ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యారు గానీ, మనుషుల్ని నిలబెట్టి ప్రశ్నలడిగే అలవాటు మాత్రం రిటైరవలేదు. రొట్టె తీసుకోదలచినవాళ్ళు ఒక్కొక్కరే ఆయన ముందుకు వెళ్ళాలి. నీ రక్షకుడెవరు? ఆయన నీ కోసం ఏం చేశాడు? నీకెవరి మీదైనా పగ ఉందా? మూడింటికీ సరిగ్గా చెబితే కోటు బొత్తామంత ఇత్తడి బిళ్ళ చేతిలో పెడతారు. దాని మీద ఒక అంకె ఉంటుంది, ఎవరి అంకె వాళ్ళది. మర్నాడు ఆ బిళ్ళను పళ్ళెంలో వేసి రొట్టె ముక్క తీసుకోవాలి. బిళ్ళ లేకపోతే రొట్టె లేదు. ఈ ఏర్పాటు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు, తీసేసే ధైర్యమూ ఎవరికీ లేదు.

నా సంగతంటారా, నాకు బాప్తిస్మమే లేదు. తొమ్మిదేళ్ళుగా ఈ గుడికి వస్తున్నాను. పాటలన్నీ నోటికి వచ్చు, ప్రార్థన కూడా నాకు చేతనైనట్టు నేను చేసుకుంటాను. కానీ "ఎప్పుడమ్మా నీ బాప్తిస్మం?" అని ఎవరైనా అడిగారంటే చాలు, నాలోని మొండిఘటం లేచి కూర్చుంటుంది. "మీకెందుకండీ?" అంటాను. అలా అంటూ అంటూ తొమ్మిదేళ్ళు గడిచిపోయాయి. బల్ల వేళ అందరూ ముందుకు వెళ్తే, నేను చివరి బెంచీ మీద వాళ్ళ సంచులకు కాపలా కూర్చుంటాను.

మాది లాండ్రీ. ముందు గదిలో కౌంటరు, వెనక పెద్ద గదిలో మూడు మెషీన్లు, ఒక బాయిలరు, రెండు ఇస్త్రీ బల్లలు. పొద్దున్నే బాయిలరు వెలిగించాక ఆ గదంతా ఆవిరే. కిటికీలోంచి వచ్చే ఎండ కూడా ఆ ఆవిరిలో పడి మెత్తబడిపోతుంది. తీగల మీద తెల్లటి దుప్పట్లు వరసగా వేలాడుతుంటాయి. వాటి మధ్య నడుస్తుంటే ఎదురుగా ఎవరున్నారో దగ్గరికొచ్చేదాకా తెలియదు. మా అత్తయ్య నలభై ఏళ్ళు ఆ దుప్పట్ల మధ్యే బతికింది. గుడిలో బల్ల మీద పరిచే పొడుగాటి తెల్లగుడ్డను అన్నేళ్ళూ తనే ఉతికి, తనే ఇస్త్రీ చేసింది. ఇంకొకర్ని ముట్టుకోనిచ్చేది కాదు.

మూడేళ్ళుగా అత్తయ్యకు మతిమరుపు. మామూలుది కాదు. తీగ మీంచి ఒక్కొక్క బట్టే తీసేస్తున్నట్టు, లోపల ఉన్నవన్నీ ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. ముందు వీధులు పోయాయి, తర్వాత మనుషులు. మా ఆయన్ను చూసి, పోయిన మామయ్య అనుకుని సిగ్గుపడి పక్కకు తప్పుకుంటుంది. పాపం, ఆయనకు కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. నన్నేమో చిన్నతనంలోనే పోయిన తన చెల్లెలనుకుంటుంది. నిజం చెప్పొద్దూ, నాకు ఈ పదవి బాగానే ఉంది. కోడలిగా ఉన్నప్పుడు కాలర్లు సరిగా రుద్దలేదని నన్నెంత సతాయించిందో నాకు తెలుసు. చెల్లెలినైన దగ్గర్నుంచీ పల్లెత్తు మాట అనలేదు.

దుప్పటి మడత పెట్టాలంటే ఇద్దరు కావాలి. చెరో రెండు కొసలూ పట్టుకుని దూరంగా నిలబడతాం. దులిపి, సగానికి మడిచి, ఒకరికొకరు ఎదురు నడుస్తాం. మధ్యలో చేతులు కలుస్తాయి. అక్కడ అత్తయ్య నా మొహంలోకి చూసి, "వచ్చావా చెల్లీ! ఎప్పుడొచ్చావే?" అంటుంది. "ఇప్పుడే అక్కా" అంటాను. మళ్ళీ ఇంకో దుప్పటి, మళ్ళీ దూరం, మళ్ళీ దగ్గర. "వచ్చావా చెల్లీ!" రోజుకు నలభై దుప్పట్లుంటే నలభైసార్లు నేను వచ్చినందుకు ఆవిడ సంబరపడుతుంది. మా పుట్టింట్లో కూడా నాకింత మర్యాద జరగలేదు.

మధ్యాహ్నం పూట మెషీన్ల హోరులో ఆవిడ ఏదో ఏటి గురించి చెబుతుంది. మోకాలి లోతు నీళ్ళట, అడుగున నల్లరాళ్ళట, చెల్లెలి జడకు నాచు చుట్టుకుందట. "గుర్తుందా?" అని అడుగుతుంది. మొదట్లో ఊరికే ఊఁ కొట్టేదాన్ని. రానురాను ఆ ఆవిరిలో నిలబడి వింటుంటే నా అరికాళ్ళకు రాళ్ళు తగులుతున్నట్టుండేది, జడ తడిమి చూసుకునేదాన్ని. నేను పుట్టకముందటి ఏరు అది. అయినా ఒకరోజు "ఆ నాచు నువ్వే తీశావు కదక్కా" అనేశాను. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ మాట, నాకే తెలియదు.

ఆ శనివారం సాయంత్రం మా ఆయనా నేనూ చెరో చెయ్యీ పట్టుకుని అత్తయ్యను పక్కగదికి తీసుకెళ్ళాం. అంతకుముందు నెలల్లో మా ఆయన పక్కన నిలబడి ఒక్కో మాటా అందిస్తుంటే ఆవిడ చెప్పేది. ఈసారి ఇన్‌స్పెక్టరు గారు వేలు పైకెత్తి, "అందించకూడదు" అన్నారు.

"నీ రక్షకుడెవరు అక్కా?"

అత్తయ్య ఆయన్ను ఎగాదిగా చూసింది. "మీరెవరు బాబూ? ఎప్పుడూ చూసినట్టు లేదే."

"ఆయన నీ కోసం ఏం చేశాడు?"

"నా కోసమా?" ఆవిడ మొహం వెలిగిపోయింది. "చలికాలంలో తెల్లారకుండానే లేచి నీళ్ళు కాచి పెట్టేవాడు బాబూ. చన్నీళ్ళలో ఉతికితే నా చేతులు పగిలిపోతాయని."

మా మామయ్య సంగతి అది. మా ఆయన తల దించుకున్నాడు. ఇన్‌స్పెక్టరు గారు మూడోది అడిగారు. "నీకెవరి మీదైనా పగ ఉందా?"

"పగా?" అత్తయ్య చాలాసేపు ఆలోచించింది. "ఎవరి మీద బాబూ? గుర్తు రావట్లేదు. ఉండాలా?"

ఆయన బిళ్ళల పెట్టె మూత వేసేశారు. "క్షమించండి. తెలియకుండా తినడం ఆవిడకే మంచిది కాదు. ఇది నా మాట కాదు, నియమం" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు తెరిచేలోగా మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు.

మర్నాడు అత్తయ్యను బెంచీలోంచి లేవనివ్వకుండా ఉండాల్సింది. కానీ పాట మొదలవగానే నలభై ఏళ్ళ అలవాటు ఆవిణ్ణి లేపి నడిపించింది. వెళ్ళి బల్ల దగ్గర తన చోట్లో కూర్చుంది. పళ్ళెం వచ్చింది. అత్తయ్య చెయ్యి చాపింది. బిళ్ళ లేదు. పళ్ళెం ఆ చేతి మీదుగా పక్కవాళ్ళకు వెళ్ళిపోయింది. చాచిన చెయ్యి కాసేపు అలాగే ఉండి, తర్వాత మెల్లగా దిగి, బల్లగుడ్డ మీద లేచిన చిన్న ముడతను సర్దింది. చివరి బెంచీలో కూర్చుని నేనది చూశాను.

ఇంటికి వచ్చాక మొదలైంది. "నాకు పెట్టలేదేం చెల్లీ?" అని. సోమవారం అడిగింది, మంగళవారం అడిగింది. దుప్పటి మధ్యలో చేతులు కలిసినప్పుడు ఇక "వచ్చావా" లేదు, "నాకు పెట్టలేదేం?" ఒక్కటే. మొగుడి చావును మరిచిపోయిన మనిషి, కన్నకొడుకును మరిచిపోయిన మనిషి, ఈ ఒక్కటి మరవలేదు. ప్రతిసారీ అప్పుడే జరిగినట్టు ఆవిడ కింది పెదవి వణికేది. డాక్టరేమో ఇక ముందు ఇంకా వేగంగా పోతాయన్నాడు. వచ్చే నెలకు రొట్టె అంటే ఏమిటో కూడా మరిచిపోతుందేమో, ఈ దిగులు మాత్రం ఎందుకో తెలియకుండా మిగిలిపోతుందేమో అని నాకు భయం పట్టుకుంది. అత్త మీది కోపం దుత్త మీద అంటారు. నాకు అత్త కోసం వచ్చిన కోపం ఇస్త్రీపెట్టె మీద చూపించి, ఎవరిదో చొక్కా మాడ్చేశాను.

సోమవారమే ఇన్‌స్పెక్టరు గారి కోటు వచ్చింది. మొదటి ఆదివారం తొడుక్కుని, మర్నాడు ఉతకడానికి పంపడం ఆయన అలవాటు. ఉతికే ముందు జేబులు వెతకడం నా అలవాటు. కుడి జేబులో ఇత్తడి బిళ్ళ, నాలుగో అంకె. ఇది కొత్తేమీ కాదు. రెండేళ్ళుగా ప్రతి నెలా అదే జేబులో అదే బిళ్ళ దొరుకుతోంది, నేను కాగితంలో చుట్టి కోటుతో పాటు తిరిగి పంపేస్తున్నాను. ఆ రోజు దాన్ని చేతిలో పెట్టుకుని నిలబడిపోయాను. బిళ్ళ పళ్ళెంలో పడితేనే కదా రొట్టె? పళ్ళెంలో పడాల్సింది జేబులో ఎందుకుంది? రెండేళ్ళపాటు నా మట్టిబుర్రకు తట్టలేదు. బల్ల వేళ ఆయనెప్పుడూ తలుపు దగ్గర నిలబడి, ఆలస్యంగా వచ్చేవాళ్ళను ఆపుతుంటారు. ఎంత బాధ్యతో అనుకునేవాళ్ళం అందరం. ఆయన అసలు తినడమే లేదు.

బుధవారం సంఘం కూర్చుంది, అత్తయ్య విషయం మీదే. వాచీలు బాగుచేసే ఆయన ముందు లేచాడు. "ఆవిడకు పసిబిడ్డగా ఉన్నప్పుడే బాప్తిస్మం అయింది. ఒకసారి అయితే అయినట్టే. వాచీ ఆగిపోయినంత మాత్రాన వాచీ కాకుండా పోతుందా?" అన్నాడు.

టైలరమ్మ ఆయన మాట పూర్తి కానివ్వలేదు. "నీళ్ళు చల్లితే అయిపోతుందా అన్నయ్యా? మనిషి చేసిన పనులు చూడాలి. నా చిన్నదానికి విషజ్వరం వస్తే నెలరోజులు మా ఇంటి బట్టలన్నీ ఉడకబెట్టి ఉతికింది ఆయమ్మ. నేను అడగలేదు. అది క్రైస్తవం. నోటితో చెప్పేదేముంది, చిలక్కి నేర్పినా చెబుతుంది."

"పనులు మంచివాళ్ళందరూ చేస్తారమ్మా" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. "మంచివాళ్ళందరూ క్రైస్తవులేనా? తెలిసి నమ్మాలి, నమ్మింది ఒప్పుకోవాలి. అది లేకపోతే గుడి నిండా నామకార్థ క్రైస్తవులే మిగులుతారు."

"అయితే పుట్టుమూగవాడి గతేంటి?" అని ఎవరో అరిచారు. ఇంకెవరో పసిపిల్లల సంగతి ఎత్తారు. ఇక చూడండి, నువ్వెంతంటే నువ్వెంత. మా పాస్టరు అయ్యగారు చిన్నవాడు, మెత్తటి మనిషి. గొంతులు లేచినప్పుడల్లా "ప్రార్థన చేద్దాం" అని కళ్ళు మూసుకుంటారు. ఆ సాయంత్రం ఐదుసార్లు కళ్ళు మూసుకున్నారు. నేనిక పట్టలేక చివరి బెంచీ మీంచి లేచి, "ఆవిడ రోజూ ఏడుస్తోందండీ! మీకెవరికైనా పట్టిందా?" అన్నాను. ఇన్‌స్పెక్టరు గారు నా వైపు తిరిగి, "నువ్వు సభ్యురాలివి కావమ్మా, కూర్చో" అన్నారు. సోమవారం నుంచీ కొంగున ముడేసుకుని తిరుగుతున్న ఆయన బిళ్ళ నా వేళ్ళకు తగిలింది. అక్కడే, అందరి ముందే తీసి చూపిద్దామనుకున్నాను. మా ఆయన మొహం చూసి ఊరుకున్నాను.

గురువారం కోటు తీసుకుని నేనే ఆయనింటికి వెళ్ళాను, తాడో పేడో తేల్చుకుందామని. ఒక్క గది. గోడ వారగా చెక్కిన పెన్సిళ్ళు పొడుగు ప్రకారం పేర్చి ఉన్నాయి. ఒక కుర్చీ, ఒక కప్పు, కిటికీకి మందపాటి తెర. వాకిట్లోంచే మొదలుపెట్టాను. "ఇదేంటండీ?" అని బిళ్ళను ఆయన మేజా మీద టప్పున పెట్టాను. "మా అత్తయ్య నోటి దగ్గర కూడు లాక్కున్నారే, మరి మీరెందుకు తినడం లేదు?"

కోప్పడతారనుకున్నాను. గెంటేస్తారనుకున్నాను. ఆయన బిళ్ళ వంక చూసి, ఉన్న ఒక్క కుర్చీ నా వైపు జరిపి, తను మంచం అంచున కూర్చున్నారు.

"నువ్వు ఎప్పుడో అడుగుతావనుకున్నానమ్మా. కాగితంలో చుట్టి పంపినప్పుడల్లా అనుకునేవాణ్ణి" అన్నారు. "మొదటి రెండు ప్రశ్నలకూ నాకు ఇబ్బంది లేదు. మూడోదాని దగ్గర ఆగిపోతాను." లేచి తెర పక్కకు లాగారు. వీధికి అవతల మేడ మీద ఒక కిటికీ కనబడింది, దానికీ తెర వేసి ఉంది. "మా అన్నయ్య. నీళ్ళు చల్లితే చాలదు, ముంచి ఇస్తేనే బాప్తిస్మమని మళ్ళీ తీసుకుని, అలా ముంచేవాళ్ళ సంఘంలో కలిశాడు. ఇతను మనవాడు కాడని నేనే నిలబడి చదివాను, గుడిలో, అందరి ముందు. ఆయనేమో నన్ను నామకార్థపువాడివన్నాడు. ఇద్దరం తాపీగా మాట్లాడుకుంటే పోయేది. రెండేళ్ళయింది. మా వదిన పోతే కూడా నేను వీధి దాటలేదు."

"పోనీ, పగ ఉందని చెప్పి బిళ్ళ తీసుకోవడం మానేయొచ్చుగా?"

"అందరికీ తెలుస్తుంది కదమ్మా" అన్నారు. ఆ గొంతులో ఇన్‌స్పెక్టరు లేడు. "ప్రతి నెలా ఆ శనివారం నా పేరూ రాసుకుని బిళ్ళ తీసుకుంటాను, ఈసారి పోతుంది, రేపు తింటాను అని. తెల్లారి అద్దంలో నన్ను నేనే అడుగుతాను. పోయి ఉండదు. నాకు నేనే సడలించుకోని నియమాన్ని ఆవిడకెలా సడలించమంటావు?"

కొట్టడానికి వెళ్ళినదాన్ని. ఎత్తిన చెయ్యి ఏం చేసుకోవాలో తెలియలేదు. రెండేళ్ళుగా ఆ మనిషి ఆకలితో తలుపు దగ్గర నిలబడి, లోపల తినేవాళ్ళను చూస్తున్నాడు. జాలేసింది, నా మీద నాకే చిరాకూ వేసింది. అయినా పుట్టుకతో వచ్చిన బుద్ధి ఎక్కడికి పోతుంది? వాకిట్లో ఆగి అననే అన్నాను. "మీకు మొదటి రెండూ వచ్చు. మా అత్తయ్యకు మూడోది వచ్చు. మీ ఇద్దర్నీ కలిపి కుడితే ఒక క్రైస్తవుడు తయారవుతాడు, లెండి." బిళ్ళ ఆయన మేజా మీదే వదిలేసి వచ్చాను. ఈ సంగతి మా ఆయనకు కూడా చెప్పలేదు.

తర్వాత మూడు వారాలూ ఎలా గడిచాయో సరిగా చెప్పలేను. వానలు పట్టుకున్నాయి, బట్టలు ఆరడం లేదు, బాయిలరు పొద్దంతా మండుతూనే ఉంది. ఆవిరి గదిలోంచి వీధిలోకి వెళ్ళి, వీధిలోని పొగమంచులో కలిసి, మా ఇల్లెక్కడ అయిపోయి ఊరెక్కడ మొదలవుతుందో తెలియకుండా పోయింది. అత్తయ్య తీగల మధ్య తిరుగుతూ ఒక్కో దుప్పటినీ పక్కకు తొలగించి, వెనక ఎవరైనా ఉన్నారేమో చూసేది. "ఎవరి కోసమక్కా?" అంటే, "పెట్టేవాళ్ళ కోసం" అనేది. ఒక మధ్యాహ్నం నిలబడే కునుకు పట్టింది నాకు. ఆ కునుకులో ఏటి మధ్యన బల్ల వేసి ఉంది, తెల్లగుడ్డ అంచులు నీళ్ళలో తేలుతున్నాయి, పళ్ళెం ఒడ్డు నుంచి ఒడ్డుకు వెళ్తోంది గానీ ఎవరి దగ్గరా ఆగడం లేదు. ఉలిక్కిపడి కళ్ళు తెరిస్తే అత్తయ్య నా జడ సవరిస్తోంది. "నాకు పెట్టలేదేం?" అని ఆ రోజు అడగలేదు. అడగనందుకు నాకింకా భయమేసింది.

శనివారం మా ఆయన అత్తయ్యను పక్కగదికి తీసుకెళ్ళనే లేదు. "మళ్ళీ ఆ అవమానం ఎందుకు?" అన్నాడు. నాకూ ఓపిక లేకపోయింది.

ఆదివారం వాన తెరిపిచ్చింది. పొడుగాటి కిటికీల్లోంచి పలచటి ఎండ లోపలికి వచ్చి, బల్లగుడ్డ మీద పడి, గుడి అంతటికీ ఆ తెలుపు పాకింది. పాట మొదలవగానే అత్తయ్య లేవబోయింది. మా ఆయన ఆపబోయాడు. అప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ ఇన్‌స్పెక్టరు గారు మెల్లగా నడిచి మా బెంచీ దాకా వచ్చారు. కోటు జేబులోంచి నాలుగో అంకె బిళ్ళ తీసి, అత్తయ్య అరచేతిలో పెట్టి, ఆ వేళ్ళను మూశారు.

అయ్యగారు కంగారుగా, "అది మీది కదండీ?" అన్నారు.

"నాదే" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. "నాది నేను ఇంకొకరికి ఇవ్వకూడదని ఎక్కడా రాసి లేదు. నాకు దాంతో పని లేదు. రెండేళ్ళుగా లేదు." ఆ చివరి మాట గుడంతా వినబడింది. తర్వాత వెనక్కి వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డారు, తల మాత్రం ఎత్తలేదు. అందరికీ తెలుస్తుందని భయపడ్డ మనిషి అందరి ముందూ ఒప్పేసుకున్నాడు.

అత్తయ్యకు ఒక్కతే నడిచే ధైర్యం లేదు, నా చెయ్యి వదల్లేదు. బాప్తిస్మం లేనిదాన్ని, బల్ల దాకా వెళ్ళి ఆవిడ కుర్చీ వెనక నిలబడ్డాను. పళ్ళెం వచ్చింది. అత్తయ్య బిళ్ళను దాన్లో వేసింది, ఠంగుమంది. రొట్టె ముక్క తీసుకుంది. అమ్మయ్య అనుకున్నాను.

ఆవిడ ఆ ముక్కను నోట్లో పెట్టుకోలేదు. అటూ ఇటూ తిప్పి చూసి, జాగ్రత్తగా రెండుగా తుంచింది. కుర్చీలో వెనక్కి తిరిగి నన్ను చూసింది. "ఇక్కడున్నావా చెల్లీ? నీకు పెట్టలేదేమే వీళ్ళు? నోరు తెరు."

"అక్కా, నాకొద్దు, నువ్వు…" అంటున్నాను. ఆ అంటున్న నోట్లోనే పెట్టేసింది. ఉమ్మెయ్యమంటారా? మింగాను. ఎక్కడో ఒక బెంచీ కిర్రుమంది. ఎవరూ కదల్లేదు.

అత్తయ్య ఇంకో సగాన్ని పట్టుకుని గుడంతా కలయజూసింది. "ఓ బాబూ! నువ్వక్కడే నిలబడ్డావేం? రా."

ఇన్‌స్పెక్టరు గారు రాలేదు. ఆవిడే లేచింది. తెల్లటి ఎండలో ఒక్కో బెంచీ పట్టుకుంటూ తలుపు దాకా నడిచింది. నేను వెనకాలే వెళ్ళాను. "నేను తినకూడదక్కా" అన్నారు ఆయన. "నాలో పగ ఉంది."

"ఉండనీ బాబూ. ఆకలి కూడా ఉందిగా" అంది అత్తయ్య. ఆయన చెయ్యి పట్టుకుని రొట్టె అందులో పెట్టి, తినేదాకా అక్కడే నిలబడింది. ఆయన తిన్నారు. పెద్ద మనిషి, పసివాడిలా వెక్కిళ్ళు పెట్టి ఏడుస్తూ తిన్నారు. నేనూ ఏడ్చాను, దాచడమెందుకు.

అయ్యగారు పళ్ళెం పట్టుకుని పరుగున వచ్చారు. "అమ్మా, మీ వంతు. మీరు తీసుకోలేదు."

అత్తయ్య చీర కొంగుకు చేతులు దులుపుకుంది. "నాకు చాలు బాబూ, తిన్నాను" అంది. ఎంత చెప్పినా పళ్ళెం ముట్టుకోలేదు. ఆ నవ్వుమొహం చూసి ఇంకెవరూ బలవంతపెట్టలేకపోయారు.

బుధవారం సంఘం మళ్ళీ కూర్చుంది. రిజిస్టరులో ఏం రాయాలి? ఆవిడ బల్లలో పాలుపొందినట్టా, కాదా? బిళ్ళ వేసింది కాబట్టి పొందినట్టే అన్నాడు వాచీల ఆయన. తను మానుకుని ఇతరులకు పెట్టడం కంటే ఇంకేం పాలు కావాలి అంది టైలరమ్మ. నోట్లోకి వెళ్ళనిది పాలెలా అవుతుందని ఇంకో నలుగురు. అయ్యగారు మూడుసార్లు కళ్ళు మూసుకున్నారు. చివరికి నా వైపు చూశారు. "అమ్మా, నువ్వు దగ్గరున్నావు. సభ్యురాలివి కాకపోయినా పరవాలేదు, చెప్పు. ఆవిడ తిన్నదా, లేదా?"

నేను లేచి నిలబడ్డాను. వచ్చేముందు ఇంట్లో ఆఖరి దుప్పటి మడత పెడుతుంటే, చేతులు కలిసిన చోట, "వచ్చావా చెల్లీ!" అంది అత్తయ్య. ఆదివారం నుంచీ "నాకు పెట్టలేదేం?" అని ఒక్కసారీ అడగలేదు.

"తిన్నదండీ" అన్నాను.

"నువ్వు కళ్ళారా చూశావా?" అని ఎవరో గద్దించారు. నేను జవాబు చెప్పేలోగా ఇన్‌స్పెక్టరు గారు లేచి నా పక్కన నిలబడ్డారు.

"తిన్నది. నేనూ చూశాను" అన్నారు. "రాసుకోండి."

ఆవిడ వంతు తిన్న మా ఇద్దరి మాట మీదే అయ్యగారు ఆవిడ పేరు పక్కన టిక్కు పెట్టారు.